హీరోని మొదటి ఎపిసోడ్‌లోనే పడగొట్టండి: ‘గన్‌స్మోక్’ చూసి పైలట్ రాసే పద్ధతి

మా ఉమ్మడి వరంగల్‌లో ఇప్పుడు గల్లీకో వెబ్ సిరీస్ టీమ్ ఉంది. నేను హన్మకొండ నయీంనగర్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేస్తాను. ముహూర్తాలు లేని నెలల్లో ఈ టీముల స్క్రిప్టులు చదివి, అవసరమైతే తిరగరాసి ఇస్తాను. మొదటి ఎపిసోడ్, అంటే పైలట్, దాదాపు అందరిదీ ఒకేలా ఉంటుంది. బుల్లెట్ బండి, దుమ్ము, కింది నుంచి చెప్పుల షాట్, నలుగురు రౌడీలు, ఒక డైలాగు, రౌడీలు గాల్లో. రెండో ఎపిసోడ్‌కు వచ్చేసరికి చేతులాడవు. ఆడకపోవడానికి కారణం పెద్దదేం కాదు. హీరో గెలవాల్సిందంతా మొదటి పూటే గెలిచేశాడు, ఇక వాడికి ఊళ్లో పనేముంది?

అలాంటి టీములకు నేను ఒక ఎపిసోడ్ చూడమని చెప్తాను. అమెరికాలో సీబీఎస్ ఛానెల్‌లో 1955 సెప్టెంబర్ 10, శనివారం రాత్రి వచ్చిన కౌబాయ్ సిరీస్ ‘గన్‌స్మోక్’ మొదటి ఎపిసోడ్. దాని పేరు ‘మ్యాట్ గెట్స్ ఇట్’. నలుపు తెలుపు, అరగంట స్లాట్, ప్రకటనలు తీసేస్తే 26 నిమిషాల చిల్లర. ఈ సిరీస్ 1975 దాకా 20 సీజన్లు నడిచింది, మొత్తం 635 ఎపిసోడ్లు. అంత దూరం నడిచిన బండి మొదటి రోజు ఎలా కదిలిందో చూడకుండా మన పది ఎపిసోడ్ల సిరీస్ ఎలా రాస్తాం?

గుర్రాలు, టోపీలు మనకెందుకని మొదట్లోనే మొహం తిప్పుకునేవాళ్లు ఉంటారు. మనకు కౌబాయ్ అంటే 1971లో కృష్ణ గారి ‘మోసగాళ్లకు మోసగాడు’. ఆ టోపీ, ఆ చుట్ట ఇటలీ సినిమాల వైపు నుంచి వచ్చినవి. టీవీ వెస్టర్న్, అంటే టీవీలో వచ్చే కౌబాయ్ కథ, మనకు రాలేదు, వచ్చే వీలూ లేదు. ఢిల్లీలో టీవీ ప్రసారాలు మొదలైందే 1959 సెప్టెంబర్‌లో. అందుకే ఈ ఎపిసోడ్ మన కుర్రాళ్లకు పాతది కాదు, కొత్తది. ముందే చూసేసిన షాట్ ఒక్కటీ ఉండదు.

కథ చెప్పకుండా ఈ పాఠం చెప్పలేను. ముందే తెలిస్తే మజా పోతుందనుకునేవాళ్లు ఇక్కడ ఆగి, చూసి రండి.

ఏ ప్రింట్ చూడాలి

మొదట సినిమా హీరో జాన్ వేన్ ముందుమాట చెప్తూ కనపడాలి. కనపడకపోతే అది కత్తిరించిన కాపీ. 1961లో సిరీస్ గంట నిడివికి మారాక, పాత అరగంట ఎపిసోడ్లను ‘మార్షల్ డిల్లన్’ అనే వేరే పేరుతో మళ్లీ వేశారు. అలా చేతులు మారిన కాపీలలో ముందుమాట పోయినవి ఉంటాయి. డీవీడీ సెట్లో మొదటి సీజన్ దొరికితే మంచిది. సబ్‌టైటిల్స్ ఉంటే పెట్టుకోండి, కానీ మొదటిసారి చూసేటప్పుడు మాత్రం వద్దు. ఎందుకో కింద చెప్తాను.

జాన్ వేన్ అప్పటికే సినిమాల్లో పెద్ద హీరో. ఆయన వచ్చి, ఈ కార్యక్రమంలో నేను లేను, ఉంటే బాగుండేది అంటాడు. నిజాయితీగా, పెద్దవాళ్ల కోసం తీసిన కథ అంటాడు. జేమ్స్ ఆర్నెస్ అనే కుర్రాడితో నేను పనిచేశాను, పెద్ద స్టార్ అవుతాడు, నాకు అలవాటు పడ్డట్టే వాడికీ అలవాటు పడండి అని చెప్పి వెళ్లిపోతాడు. ఇందులో గమనించాల్సింది ఒకటుంది. ఆయన హీరో ఎంత గొప్పవాడో చెప్పడు, కథ ఎలాంటిదో చెప్తాడు. మన టీములు మండలంలో పేరున్నవాళ్లతో బైట్ తీసుకుంటే అది ‘మా తమ్ముళ్లు బాగా చేశారు, లైక్ చేయండి, షేర్ చేయండి’ దగ్గర ఆగిపోతుంది. పెద్దమనిషి దొరికితే ఆయన చేత కథ గురించి ఒక వాక్యం చెప్పించండి. దొరక్కపోతే అసలు వద్దు.

మొదటిసారి: ఇంగ్లిష్ రానివాళ్లతో కలిసి

పుస్తకం, పెన్ను పక్కన పెట్టండి. ఇంట్లో ఇంగ్లిష్ రాని పెద్దవాళ్లు ఒకరిని పక్కన కూర్చోబెట్టుకోండి. సబ్‌టైటిల్స్ వద్దన్నది ఇందుకే. వాళ్లు మొహాలు చూస్తారు, మనం అక్షరాలు చూస్తాం. మధ్యలో వాళ్లు ఏం అడుగుతున్నారో అదే మీకు కావాల్సిన సరుకు. అర్థం చెప్పకండి, ప్రశ్న మాత్రం గుర్తుపెట్టుకోండి.

నేను మా అత్తమ్మతో చూశాను. కథ ఇది. టెక్సస్‌లోని అమరిల్లోలో చేతిలో ఆయుధం లేని మనిషిని చంపి, డాన్ గ్రాట్ అనేవాడు కాన్సస్‌లోని డాడ్జ్ సిటీకి వస్తాడు. వాణ్ని పట్టుకోవడానికి అమరిల్లో నుంచి జిమ్ హిల్ అనే చట్టం మనిషి వస్తాడు. గ్రాట్ అతన్నీ కాల్చేస్తాడు. ఇక వాణ్ని పట్టాల్సింది డాడ్జ్‌లో చట్టం కాపాడే అధికారి, మార్షల్ మ్యాట్ డిల్లన్. డిల్లన్ ఎదురు వెళ్తాడు, గ్రాట్ తుపాకీ ముందు పేలుతుంది, డిల్లన్ నేల మీద పడతాడు. ఇక్కడ మా అత్తమ్మ అడిగింది: “గంత దగ్గరికి ఎందుకు పోయిండు? ఆడికెళ్లే కాల్చొచ్చు గదా?”

ఎపిసోడ్ మొత్తం నిలబడ్డది ఆ ప్రశ్న మీదనే. భాష తెలియని మనిషికి ఆ ప్రశ్న సరైన చోట తట్టిందంటే రచన, షాట్లు కలిసి పనిచేసినట్టు. దర్శకుడు చార్లెస్ మార్క్విస్ వారెన్, కథ జాన్ మెస్టన్‌ది.

రెండోసారి: బొమ్మ ఆపేసి

ఇప్పుడు ఫోన్ బోర్లా పెట్టి, ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని వినండి. దీనికి కారణం ఉంది. ‘గన్‌స్మోక్’ టీవీ కన్నా ముందు రేడియో నాటకం. 1952 ఏప్రిల్ నుంచి రేడియోలో వచ్చేది, టీవీలో వస్తున్నా 1961 దాకా ఆగలేదు. రేడియోలో డిల్లన్ గొంతు విలియం కాన్రాడ్‌ది. రేడియోకి రాసి రాసి చేయి తిరిగినవాళ్ల మాటలు కాబట్టి, ప్రతి మాటకీ ఒక పని ఉంటుంది.

వింటూ ఒక్కటి చేయండి. ఎవరు మాట్లాడుతున్నారో గొంతును బట్టి కాకుండా మాటను బట్టి పట్టుకోగలుగుతున్నారా చూడండి. డిల్లన్ వెంట ఉండే చెస్టర్ మాట సాగదీస్తూ వస్తుంది. ఊరి డాక్టరు డాక్ మాటలో చిరాకు, దాని కింద ప్రేమ. బార్‌లో కనపడే కిట్టీ తక్కువ మాట్లాడుతుంది. తర్వాత మీ స్క్రిప్టు తీసి పాత్రల పేర్లు చేత్తో మూసి చదవండి. అన్ని డైలాగులూ ఒకే నోట్లోంచి వచ్చినట్టుంటే, ఆ నోరు మీదే.

యాస గురించి ఇక్కడే ఒక మాట. తెలంగాణ యాస పెట్టినంత మాత్రాన పాత్రకు గొంతు వచ్చినట్టు కాదు. జనగామ ఆటో డ్రైవరూ, ములుగు టీచరమ్మా, కాజీపేట రైల్వే రిటైర్డ్ తాతా ఒకే తీరుగా ‘గట్లనే, గిట్లనే’ అనరు. రైల్వే తాత హిందీ, ఉర్దూ కలిపి మాట్లాడతాడు. ఆయన చేత అలాగే మాట్లాడించండి.

మూడోసారి: దూరాలు రాసుకోండి

అసలు పని ఇదే. నోట్‌బుక్కులో పేజీకి మధ్యలో గీత గీయండి. ఎడమ వైపు ఎవరు ఎవరికి ఎదురుగా ఉన్నారో, కుడి వైపు ఇద్దరి మధ్య ఎన్ని అడుగులున్నాయో. అంచనా చాలు. గ్రాట్ తెర మీద ఉన్న ప్రతి సీనుకూ రాయండి.

రాస్తుంటే మీకే కనపడుతుంది. గ్రాట్ దగ్గరికి వస్తాడు. అది వాడి అలవాటు కాదు, అవసరం. తుపాకీ తీయడంలో వాడిని మించినవాడు లేడు, కానీ గురి లేదు. గురి లేని వేగం పనిచేయాలంటే ఎదుటివాడు దగ్గర ఉండాలి. హిల్ ఎందుకు చనిపోయాడు, డిల్లన్ ఎందుకు పడ్డాడు, రెండింటికీ జవాబు ఒకటే. డిల్లన్ మంచం మీద పడి ఉన్న రోజుల్లో ఆ జవాబు పట్టుకుంటాడు. మళ్లీ ఎదురుపడినప్పుడు దూరం ఎంతుండాలో తనే నిర్ణయిస్తాడు. ఆ దూరంలో గ్రాట్ వేగానికి విలువ లేదు.

చూడండి, డిల్లన్ కొత్తగా ఏ విద్యా నేర్చుకోలేదు. కొండ ఎక్కి ట్రైనింగ్ తీసుకోలేదు, ఫ్లాష్‌బ్యాక్‌లో నాన్న చెప్పిన మాట గుర్తు రాలేదు. మొదటిసారీ అదే తుపాకీ, రెండోసారీ అదే. మధ్యలో మారింది ఒక కొలత. పైగా ఆ కొలత మొదటిసారి ఓడిపోయినప్పుడే మన కళ్ల ముందు ఉంది, మనం పట్టించుకోలేదు. గెలుపు చూశాక ప్రేక్షకుడు వెనక్కి తిప్పి మళ్లీ చూసుకుంటే అక్కడ దొరకాలి. దొరక్కపోతే రచయిత మోసం చేసినట్టు.

జేమ్స్ ఆర్నెస్ ఎత్తు ఆరడుగుల ఏడంగుళాలు. అంత మనిషిని, జాన్ వేన్ అంతటివాడు వచ్చి పరిచయం చేసిన మనిషిని, మొదటి వారమే నేల మీద పడుకోబెట్టారు. అప్పటికే అదే సెప్టెంబర్ 6న వ్యాట్ ఎర్ప్ అనే నిజ జీవిత చట్టం మనిషి మీద వేరే ఛానెల్‌లో ఒక వెస్టర్న్ మొదలైంది, 20న ‘షయాన్’ అనే ఇంకొకటి రాబోతోంది. పోటీ అంత ఉన్నా మా హీరోకి తిరుగులేదు అని చెప్పలేదు. మీ ఊళ్లో మీకు తప్ప ఇంకెవరికీ తెలియని హీరోని పడగొట్టడానికి మీకెందుకు భయం?

హీరో పడుకున్నాక ఊరు ఏం చేస్తుంది

మధ్య భాగం చాలామంది స్కిప్ చేసేది, నాకు ఎక్కువ నచ్చేది. డిల్లన్ లేవలేడు. గ్రాట్ ఊరు వదిలి పోడు. సలూన్‌లో, అంటే అక్కడి బార్‌లో, జనం అలాగే ఉంటారు కానీ గొంతులు మారతాయి. మార్షల్ అంటే ఏంటో ఆయన లేనప్పుడే తెలుస్తుంది. హీరో విలువ చూపించడానికి అంతకన్నా చవకైన దారి లేదు. ఫైట్ మాస్టర్ అక్కర్లేదు, ఖాళీ కుర్చీ చాలు.

డెన్నిస్ వీవర్ వేసిన చెస్టర్, మిల్‌బర్న్ స్టోన్ వేసిన డాక్, అమాండా బ్లేక్ వేసిన కిట్టీ అసలు పరిచయం అయ్యేది ఈ భాగంలోనే. ఎవరికీ వేరే ఇంట్రో షాట్ లేదు. డాక్ బతికించే పనిలో పరిచయం అవుతాడు. మీ స్క్రిప్టులో ‘హీరో ఫ్రెండ్’ అని ఒకడుంటాడు, జోకులు వేస్తాడు. హీరో మంచాన పడితే వాడు చేయగలిగిన, ఇంకెవరూ చేయలేని పని ఒకటి రాయండి. రాయలేకపోతే వాడిని తీసేయండి. ఆ నటుడు మీ బామ్మర్ది అయితే కెమెరా వెనక పని ఇవ్వండి.

ఊరు దేని మీద బతుకుతుందో రాయండి

డిల్లన్ కల్పిత పాత్ర. డాడ్జ్ సిటీ మాత్రం నిజమైన ఊరు. 1872లో రైలు వచ్చింది. టెక్సస్ నుంచి పశువుల మందలు తోలుకొచ్చి అక్కడ రైలెక్కించేవారు. జీతం చేతికందిన కౌబాయ్‌లు అక్కడే ఖర్చుపెట్టేవారు. ఊరికి వాళ్ల డబ్బు కావాలి, వాళ్ల తుపాకులు వద్దు. ఆ లాగులాటలోంచే మార్షల్‌కు పని పుట్టింది. సిరీస్‌కు కథలు కరువు కాకపోవడానికి కారణం డిల్లన్ కాదు, ఆ రైల్వే స్టేషన్. ప్రతి సీజన్‌కూ కొత్త మనుషులు, కొత్త డబ్బు.

మనకు ఎనుమాముల మార్కెట్ ఉంది. పత్తి, మిర్చి సీజన్‌లో యార్డ్ గేటు దగ్గర నిలబడితే ఒక్క పూటలో కథలు దొరుకుతాయి. కాకపోతే యార్డ్ లోపల షూట్ చేయడం కష్టం, పనికి అడ్డం. పల్లెలో కల్లం దగ్గర పెట్టుకోండి. ఫిబ్రవరి, మార్చిలో తేజ మిర్చి ఆరబోసిన కల్లం కన్నా మంచి సెట్ ఏ ఆర్ట్ డైరెక్టరూ వేయలేడు.

ఒక చిన్న తప్పు కూడా చెప్పాలి. ‘గన్‌స్మోక్’ కథాకాలం 1870లు. గ్రాట్ పారిపోయి వచ్చిన అమరిల్లో పుట్టిందే 1887లో. అమెరికా ప్రేక్షకులు పట్టించుకోలేదు. వరంగల్‌లో ఆ వెసులుబాటు లేదు. మిర్చి కల్లం పక్కన నిండుగా పూసిన తంగేడు కనపడితే, బతుకమ్మ ఎప్పుడు, మిర్చి ఎప్పుడు అని కామెంట్లలో వాయిస్తారు.

మీ ‘దూరం’ వెతుక్కోవడం

ఇక మీ కథ. తుపాకీ తీసుకోవద్దు, దాని వెనక ఉన్న లెక్క తీసుకోండి. విలన్‌కు ఒక నిజమైన బలం ఉండాలి. ఆ బలం పనిచేయడానికి ఒక షరతు ఉండాలి. షరతు తీసేస్తే బలం పోవాలి. ఈ మూడూ రాసుకునేదాకా డైలాగ్ ఒక్కటీ రాయొద్దు.

మా దగ్గర వర్క్‌షాప్‌లో అభ్యాసానికి వేసిన కథ ఒకటి చెప్తాను. విలన్ కల్లం దగ్గరికి వచ్చి మిర్చి కొనే దళారి. వాడి బలం నోటి లెక్క. బస్తాలు ఇంకా కాంటా మీద ఉండగానే మొత్తం చెప్పేస్తాడు. కథానాయిక మహిళా సంఘం లెక్కలు రాసే ఆమె, ఊరంతా ‘లెక్కలక్క’ అంటారు. ఒక ముసలి రైతు కోసం దళారికి ఎదురు నిలబడుతుంది. పది బస్తాలు, ఒక్కోటి 41 కిలోల 500 గ్రాములు. మొత్తం 415 కిలోలు.

“అక్కా, నలభై పదులు నాల్గొందలు. తరుగు ఎనిమిది తీస్తే మూడొందల తొంభై రెండు. పైసలు పట్టు, లారీ ఆగది,” అంటాడు. ఆమె రెండో బస్తా రాసుకునేలోపే సుతిలి బిగించేశారు, హమాలీలు ఎత్తేశారు. అందరి ముందు ఆమె ఓడిపోయింది. పోయింది 23 కిలోలు. క్వింటా 15,000 అనుకుంటే 3,450 రూపాయలు. అంతకన్నా ఎక్కువగా పోయింది ఆమె పేరు. సంఘం మీటింగ్‌లో ఆడవాళ్లు పాస్‌బుక్కులు మళ్లీ ఒకసారి చూపించమంటారు. అది మన ఖాళీ కుర్చీ సీన్.

తర్వాత ఆమెకు తడుతుంది. వాడు లెక్కలో గట్టివాడే, కానీ వాడిని గెలిపించేది తొందర. గ్రాట్‌కు దగ్గరితనం ఎలాగో దళారికి తొందర అలాగ. లారీ ఇంజన్ ఆన్‌లో ఎందుకుంటుందో, డ్రైవర్ హారన్ ఎందుకు కొడతాడో ఇప్పుడు అర్థమవుతుంది. ఆ హారన్ మొదటి సీన్‌లోనే వినిపించి ఉండాలి, మరిచిపోవద్దు. మళ్లీ కల్లానికి వాడు వచ్చిన రోజు ఆమె సుద్దముక్కతో గోడ మీద బస్తాకు ఒక గీత వేసి, పక్కన తూకం రాస్తూ పోతుంది. వాడు నోరు తెరిస్తే ఒక్కటే మాట. “లెక్క ఆఖర్ల మాట్లాడుదాం. ముందు కాంటా కానీ.” హారన్ మోగుతూనే ఉంటుంది. ఎవరూ కదలరు.

కొట్టలేదు, అరవలేదు. మొదట్లో ఓడిన చోటే, అదే కాంటా దగ్గర గెలిచింది.

మీ కథలో షరతు వేరేది కావచ్చు. చీకటి, మందు, జనం చూస్తుండటం, ఫోన్ రికార్డింగ్ లేకపోవడం. నాకు నచ్చనిది ఒకటే, ‘హీరో మంచోడు కాబట్టి గెలిచాడు’ అనేది. డిల్లన్ మొదటిసారి కూడా మంచోడే.

పేజీలు, నిడివి

26 నిమిషాలు యూట్యూబ్‌లో కొత్త ఛానెల్‌కు ఎక్కువ. పద్నాలుగు, పదిహేను నిమిషాలు పెట్టుకోండి. పేజీ అంటే నిమిషం లెక్కన పదిహేను పేజీలు. హీరో ఓటమి ఐదో పేజీ దాటొద్దు. ఓడిపోయాక ఊరికి కనీసం నాలుగు పేజీలు ఇవ్వండి, తగ్గించాల్సి వస్తే గెలుపులో తగ్గించండి. గెలుపు చిన్నగా ఉంటేనే బాగుంటుంది.

మొదట్లో డిల్లన్ బూట్ హిల్ శ్మశానంలో సమాధుల మధ్య నడుస్తూ తనలో తాను మాట్లాడుకుంటాడు. ఆ ఊళ్లో చావు ఎంత మామూలో ముందే చెప్పేస్తుంది ఆ సీను. చాలా బాగుంటుంది, కానీ మీరు వాయిస్ ఓవర్ జోలికి పోకండి. మన టీముల వాయిస్ ఓవర్లు గంభీరంగా మొదలై మూడో వాక్యానికి మోటివేషన్ వీడియో అయిపోతాయి.

షూటింగ్‌లో ఒక్క జాగ్రత్త

కెమెరా ఏదైనా పర్వాలేదు. కానీ దూరం మీద నడిచే కథ అయితే లెన్స్ అబద్ధం చెప్పకూడదు. ఫోన్‌లో 0.5 పెడితే ఇద్దరి మధ్య దూరం ఉన్నదానికన్నా ఎక్కువ కనపడుతుంది. వెనక్కి వెళ్లి 3 జూమ్ పెడితే ఇద్దరూ అతుక్కుపోయినట్టు ఉంటారు. మొదటి ఎదురుపాటు ఒకదాంట్లో, రెండోది ఇంకోదాంట్లో తీస్తే ప్రేక్షకుడికి తేడా మీ కథ వల్ల వచ్చిందో, లెన్స్ వల్ల వచ్చిందో తెలియదు. రెండూ 1 మీదే తీయండి. ఇద్దరూ ఒకే ఫ్రేమ్‌లో, తల నుంచి కాళ్ల దాకా కనపడే షాట్ ఒకటి తప్పకుండా ఉండాలి. పాదాలు కనపడకపోతే దూరం కనపడదు. నేల మీద సుద్దతో గుర్తులు పెట్టుకుని రెండోసారి అవే గుర్తుల నుంచి లెక్కపెట్టండి.

మా కెమెరా తమ్ముడికి క్లోజప్‌లంటే పిచ్చి. ఈ ఒక్క సీను వరకు బతిమాలైనా సరే వైడ్ తీయించాలి. పెళ్లి వీడియోల్లో కూడా తలంబ్రాలప్పుడు వైడ్ లేకపోతే ఎవరు ఎవరి మీద పోస్తున్నారో తెలియదు, అయినా వినడు.

ఖిలా వరంగల్ తోరణాల దగ్గర తీద్దామని ప్రతి టీమ్ అడుగుతుంది. అది పురావస్తు శాఖ స్థలం, షూటింగ్‌కు అనుమతి కావాలి. దొరికినా మీ కథకు ఆ తోరణం ఎందుకు?

ఎపిసోడ్‌లోంచి క్లిప్పులు కత్తిరించి మీ వీడియోలో పెట్టకండి, హక్కులున్నవాళ్లు ఉన్నారు, ఛానెల్‌కు స్ట్రైక్ పడుతుంది. రెక్స్ కౌరీ చేసిన టైటిల్ సంగీతం కూడా అంతే. మీ సిరీస్‌కు హారన్ చాలు.

ఇంకో రెండు చూడాలనుకుంటే

కుటుంబ కథ రాసేవాళ్లు ‘బొనాంజా’ మొదటి ఎపిసోడ్ ‘ఎ రోజ్ ఫర్ లొట్టా’ చూడండి. 1959 సెప్టెంబర్ 12, గంట నిడివి, రంగుల్లో. గనుల యజమానులకు కార్ట్‌రైట్ కుటుంబం అడవిలోని కలప కావాలి, అందుకని ఒక నటితో చిన్న కొడుకు జోకి వల వేయిస్తారు. నలుగురు మగవాళ్లున్న ఇంట్లో ఎవరు బలహీనమో బయటివాళ్లకు ముందే తెలుసు అన్నది బాగుంటుంది. మిగతాది నాకు కొంచెం సాగినట్టు అనిపించింది.

పిల్లాడు ఉన్న కథ అయితే ‘ది రైఫిల్‌మ్యాన్’. 1958 సెప్టెంబర్ 30న వచ్చిన ‘ది షార్ప్‌షూటర్’ రాసింది శామ్ పెకిన్‌పా. చక్ కానర్స్ వేసిన లూకస్ మెకెయిన్ కొడుకుతో కొత్త ఊరికి వచ్చి తుపాకీ గురి పోటీలో దిగుతాడు. కొడుకు ప్రాణం మీదికి తెస్తామని బెదిరిస్తే ఓడిపోతాడు. ఇక్కడా హీరో మొదటి వారమే ఓడిపోయాడు చూశారా? కాకపోతే కావాలని.

రఫ్ కట్ ఎవరికి చూపించాలి

ఎడిట్ చేసిన మొదటి కూర్పును టీమ్ వాట్సాప్ గ్రూపులో పెట్టకండి, అక్కడ అందరూ సూపర్ అంటారు. కథ తెలియని ముగ్గురిని వేర్వేరుగా కూర్చోబెట్టండి. హీరో ఓడిపోయిన దగ్గర ఆపి, ఎందుకు ఓడిపోయిందో అడగండి. ‘వాడు బలమైనోడు కాబట్టి’ అంటే షరతు ఇంకా కనపడట్లేదు, మొదటి ఎదురుపాటు మళ్లీ ఎడిట్ చేయండి. ‘ఆమెకు రాసుకునే టైమే ఇయ్యలేదు’ లాంటిది వస్తే మిగతాది చూపించండి. ముగ్గురూ ముందే పరిష్కారం కూడా చెప్పేస్తే హారన్ సౌండ్ కొంచెం తగ్గించండి, ఎక్కువ గుచ్చినట్టు.

రెండో ఎపిసోడ్‌లో దళారిని మళ్లీ తేవద్దు. డాడ్జ్‌లో గ్రాట్ కథ ఆ రాత్రితో అయిపోయింది, తర్వాతి శనివారం వేరే కథ. మీ ఊళ్లో కూడా మనుషులకు కొదవలేదు. అప్పు మీద విత్తనాలిచ్చే షాపాయన ఉన్నాడు, తాలు మిర్చిని మంచి మిర్చిలో కలిపే రైతు కూడా ఉన్నాడు. నన్నడిగితే ముందు ఆ రైతుది రాయమంటాను. ఎందుకంటే లెక్కలక్క ఈసారి ఎవరి వైపు నిలబడాలో ఆమెకే తెలియదు.